గోడ వైపు కుర్చీ

పోయిన ఆదివారం మా ఈతకొలను దగ్గర ఒక చిన్న ఘోరం జరిగింది. ఏర్గట్ల నుంచి కొత్తగా వస్తున్న ఒకాయన, తువ్వాళ్లు ఆరేసే తాడు పక్కన గోడకు ఎదురుగా వేసి ఉన్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి, గిరుక్కున నీళ్ల వైపు తిప్పి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన తప్పేం లేదు. బుద్ధున్నవాళ్లెవరైనా కుర్చీని గోడ వైపు వేస్తారా? కానీ బెంచీల మీద ఉన్న తల్లిదండ్రులం అందరం ఒక్కసారిగా మాట ఆపేశాం. నా పక్కనున్నావిడ, నువ్వే చెప్పు అన్నట్టు నన్ను మోచేత్తో పొడిచింది. ఇలాంటి పనులన్నీ నా నెత్తినే పడతాయి. ఆర్మూర్ బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం నడిపేదాన్ని కాబట్టి నాకు నోరెక్కువని వీళ్ల నమ్మకం. నిజమే అనుకోండి.

"తమ్మీ, గా కుర్సి జర గోడ దిక్కే ఉండనియ్" అన్నాను.

"ఎందుకక్కా? నా బిడ్డను జూద్దమని వచ్చిన. గోడను జూసుకుంట ఏం జెయ్యాలె?"

అడగాల్సిన ప్రశ్నే. ఆయన దుబాయిలో పనిచేస్తాడు, సెలవు మీద వచ్చాడు. ఎండాకాలం కాలక్షేపానికని కూతుర్ని ఈతలో చేర్పిస్తే, పిల్ల చురుగ్గా ఉందని కోచ్ మేడమ్ పోటీల జట్టులోకి తీసుకుంది. మళ్లీ విమానం ఎక్కేలోపు ఆ పిల్లను కళ్లారా చూసుకోవాలని ఆయన ఆశ. అలాంటి మనిషికి కుర్చీ ఎందుకు తిప్పకూడదో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాలేదు. "అది సేటు తాత కుర్సి. ఆయన మొన్న చలికాలంల పోయిండు" అన్నాను. చచ్చిపోయినాయన కుర్చీలో కూర్చున్నానేమోనని పాపం గబుక్కున లేచి నిలబడ్డాడు. తర్వాత కుర్చీని ఒకసారి తడిమి చూసుకుని, మళ్లీ నీళ్ల వైపే కూర్చున్నాడు.

సేటు తాత ఉండి ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నిమిషంలో దారికి తెచ్చేవాడు. కొత్తగా జట్టులో పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రుల్ని పట్టుకుని పాఠం చెప్పడం ఆయనకు మహా ఇష్టం. ఆ పాఠాన్ని కూడా గోడకే చెప్పేవాడు. మనం వెనక నిలబడి వినాలి.

ఆయన పసుపు కమీషన్ ఏజెంటు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తెల్ల లాల్చీ, తెల్ల ధోవతి, వాటి మధ్య పచ్చటి చేతులు. గోళ్ల సందుల్లో, చెవుల వెనక, కళ్లజోడు ఫ్రేము మీద, అంతటా పసుపే. రైతు తెచ్చిన కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరిచేవాడు. బాగా ఎండిన కొమ్ము విరిగితే ఖంగుమంటుంది. ఆ మోత విన్నాకే లోపలి రంగు చూసేవాడు. ఇప్పుడు మార్కెట్ యార్డులో ధరలు ఫోన్లలో వేస్తున్నారు, నోరు మెదిపే పనే లేదు. ఆయనకు అది అస్సలు నచ్చేది కాదు. ఆయన నోటితో వేలం పాడే హర్రాజు కాలం మనిషి. హర్రాజులో ధర పలికేవాడు పలికి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగినప్పుడు ఎవడు ముందు అరిస్తే సరుకు వాడిది. ఏళ్ల తరబడి అదే పని చేసినందువల్ల సేటుకు ఎక్కడ నిశ్శబ్దం తగిలినా నోరు దానంతటదే తెరుచుకునేది. గుళ్లో హారతికి ముందు అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆయన ఏదో ఒకటి అరిచేవాడని వాళ్లింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆ అలవాటే కొంప ముంచింది. మా అమ్మాయి మేఘన జట్టులో చేరిన మొదటి రోజే ఆ కథ నాకు ఆయన నోటే వినే భాగ్యం కలిగింది.

"నీ బిడ్డను టీమ్‌ల ఏసినవా అమ్మా? మంచిది. ముందుగాల నేను జేసిన గడ్డి తిన్న పని ఇను. జిల్లా పోటీలు. మా నవ్య ఇంతంత పొల్ల. పిల్లలందరు గట్టు మీద వరుసగ నిలవడ్డరు. ఎవలో మైకుల ఇంగ్లీషుల ఏదో అన్నడు. పిల్లలు ఒంగిన్రు. గంతే, ఇగ ఎవ్వల సప్పుడు లేదు. సప్పుడు లేకుంటె నాకు పానం ఆగది గద! 'నవ్యా, పో బిడ్డా!' అని యార్డుల ఒర్రినట్టు ఒర్రిన. మా పిల్ల దుంకింది. సీటీ ఇంక కొట్టనే లేదు."

ఈల మోగకముందే దూకితే పోటీలోంచి తీసేస్తారు. తీసేశారు. నెలల తరబడి చీకటితో లేచి నేర్చుకున్న పిల్ల, ఒక్క చెయ్యి కూడా వెయ్యకుండా బయటికి వచ్చేసింది.

"ఎక్కి వచ్చి నా దిక్కు జూసింది సూడు..." అని అక్కడ ఆగిపోయేవాడు. ఆ చూపు ఎలా ఉందో ఎన్నిసార్లు కథ చెప్పినా చెప్పలేదు.

ఇంటికెళ్లాక నవ్య, ఈతకు పోతాను కానీ తాత రావద్దంది. ఇంట్లో అంత పొద్దున్నే లేచి స్కూటరు తీసే మనిషి ఆయనొక్కడే. పైగా ఆయనకు మనవరాలంటే ప్రాణం. బతిమాలాడు. చివరికి ఆ పిల్ల ఒక మెట్టు దిగింది. "వస్తె రా. గని నన్ను జూడొద్దు. నోరు తెరువొద్దు. నేను పిలిసిననాడు జూడు" అంది. వ్యాపారస్తుల ఇంటి పిల్ల, షరతు గట్టిగానే పెట్టింది. జన్మలో బేరం ఆడకుండా ఒప్పుకున్నది అదొక్కటేనని సేటు గర్వంగా చెప్పుకునేవాడు. మర్నాడే కుర్చీ గోడ వైపు తిరిగింది. ఆ రోజు నుంచి ఆయనకు ఒకే ఒక్క కోరిక. మనవరాలు ఎప్పుడో ఒకరోజు "తాతా, ఇటు జూడు" అనాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు, నవ్యకు కూడా తెలుసు.

చూడొద్దంటే చూడలేదు. నోరు తెరవకుండా ఉండటమే గండమైంది. దానికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. దుకాణంలోంచి ఎండు పసుపు కొమ్ము ఒకటి జేబులో వేసుకుని వచ్చి, పోటీ మొదలవుతుందనగానే పళ్ల మధ్య పెట్టుకునేవాడు. పోటీ అయ్యాక తీసి చూస్తే దాని మీద పంటి గాట్లు ఉండేవి. పళ్లు పసుపు, పెదవులు పసుపు, తెల్ల లాల్చీ మీద చుక్కలు చుక్కలుగా పసుపు. మొదట్లో నవ్వాను. మేఘన మొదటి పోటీ రోజు, పిల్లలు ఒంగిన ఆ క్షణంలో నా గొంతులోకి దాని పేరు తన్నుకొచ్చింది. వెనకనుంచి పచ్చటి చెయ్యి ఒకటి వచ్చి నా ముందు కొమ్ము పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. చేదు, వగరు, నాలిక మొద్దుబారిపోయింది కానీ నోరు మూతపడింది. తర్వాత్తర్వాత మా ఆర్మూర్ జట్టు తల్లిదండ్రులందరికీ అదే అలవాటైంది. పోటీలకు వెళ్తే మేం వరుసగా కొమ్ములు కరుచుకుని కూర్చుంటాం. వేరే ఊళ్లవాళ్లు అదేదో మొక్కు అనుకుంటారు.

గోడ చూస్తూ ఏం చేసేవాడంటే, వినేవాడు. పసుపు విరుపు విన్న చెవి కదా, నీళ్ల చప్పుడు విని ఎవరు ఎలా ఈదుతున్నారో చెప్పగలనని ఆయన ధీమా. "గా ఎడమ చెయ్యి తేలిగ్గ పడుతుంది, నీ మేఘనది" అనేవాడు. నేను వెళ్లి మేడమ్‌కు చెబితే, మేఘన ఈ రోజు నీళ్లలోకే దిగలేదు, కడుపునొప్పని అదిగో అక్కడ కూర్చుంది అని చూపించేది. సేటు చెప్పినవి సగం తప్పులే. అయినా ఆయన తగ్గేవాడు కాదు, మర్నాడు మళ్లీ అంతే గట్టిగా చెప్పేవాడు. కొలనులో పదిమంది పిల్లలు ఈత కొడుతుంటే ఏ చప్పుడు ఎవరిదో దేవుడికి కూడా తెలియదని నేనంటే, "దేవుడు పసుపు యాపారం జెయ్యలే గద" అనేవాడు.

కానీ పిల్లలు నీళ్లలోంచి బయటికి రాగానే ఆయన అడిగే మాట మాత్రం ఒక్కనాడూ తప్పు పోలేదు. "ఆకలైతుందా బిడ్డా?" అంతే. గెలిచినా, ఓడినా, ఏడుస్తూ వచ్చినా అదే. ఒళ్లో స్టీలు డబ్బా ఉండేది, అందులో ఉడకబెట్టిన మక్క గుడాలో, అటుకులో. ఎన్నో నంబరు వచ్చిందని ఎవరైనా తండ్రి అడిగితే ఆయన వీపు బిగుసుకునేది. "నంబరు గోడకు రాసి పెడ్తరు, పొయ్యి జూసుకో. పిల్ల ఆకలి ఏ గోడకూ రాయరు" అని తిట్టేవాడు.

"పొద్దుగాల లేపుడు మన పని" అని నాకు చెప్పాడు ఆ మొదటి రోజున. "దుంకుడు పిల్ల పని. చెయ్యి గిట్ల ఎయ్యి, కాలు గట్ల కొట్టు అని చెప్పుడు మేడమ్ పని. ఇగ మనకేం మిగిలింది? తువ్వాల, తిండి. గా రెండు సక్కగ జెయ్యి, చాలు."

నాకు అంత తేలిగ్గా ఎక్కలేదు. ఒక ఏడాది మేఘన ఎత్తు పెరిగింది, ఈత మాత్రం పెరగలేదు. వెనక చేరిన పిల్లలు దాటిపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఏమైందో తేల్చుకుందామని మేడమ్ గదికి బయల్దేరాను. గోడ వైపు నుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, పసుపు ఎన్ని నెలలకు తవ్వుతరు?"

ఆర్మూర్‌లో పుట్టిన ఎవర్ని లేపి అడిగినా చెప్పే ముక్క. "తొమ్మిది" అన్నాను, పళ్లు నూరుతూ.

"నడుమల తవ్వి జూస్తె?"

"నా బిడ్డ పసుపు గాదు సేటూ" అన్నాను కోపంగా.

"గదే నేను చెప్తున్న. పసుపుకైతే కోపం రాదు. దాన్ని తవ్వినా ఏమనది. నీ బిడ్డకు కోపమొస్తది, మా నవ్యకు వచ్చినట్టు. నా తీర్గ గోడకు ఇంకో కుర్సి ఏసుకుంటవా?"

నవ్వొచ్చింది, కోపం కూడా పోలేదు. గది దాకా వెళ్లి, కాసేపు గుమ్మంలో నిలబడి, మేఘనకు కొత్త ఈత కళ్లద్దాలు కావాలి అని ఏదో అడిగి వెనక్కి వచ్చాను. మేఘన మరుసటి చలికాలానికి పుంజుకుంది. అది నా వల్లా కాదు, ఆయన వల్లా కాదు. దాని టైము వచ్చింది.

పిల్లలు ఎదిగే కొద్దీ ఇంకో రకం గొడవ మొదలవుతుంది. జట్టులో ఆడపిల్లల్ని వేసిన ప్రతి ఇంట్లో ఇది ఉంటుంది, ముందే తెలుసుకోవడం మంచిది. నవ్య ఎనిమిదో తరగతిలో ఉండగా సేటు బంధువు ఒకాయన పనిగట్టుకుని కొలను దాకా వచ్చాడు. మా అందరి ముందే, "పిల్ల పెద్దగైంది సేటూ. గా బట్టల మీద నలుగురి ముందట ఈదుతుంటె మంచిగ కనవడుతదా?" అన్నాడు. నవ్య గట్టు మీదే ఉంది. తువ్వాలు ఒంటికి చుట్టుకుని అలా నిలబడిపోయింది. ఆ రోజు సేటు ఏమాత్రం తడబడినా ఆ పిల్ల ఈత అక్కడితో అయిపోయేది.

సేటు వెనక్కి తిరగలేదు. "నాకేం ఎరుక? నేను గోడను జూస్తున్న. నువ్వెందుకు జూస్తున్నవ్?" అన్నాడు.

ఆ బంధువు మళ్లీ రాలేదు. నవ్య తువ్వాలు తాడు మీద పడేసి నీళ్లలోకి దూకింది. ఆ దూకుడుకి మా బెంచీలన్నీ తడిశాయి. నాకు కళ్లు తడిశాయి.

ఆయన ఎదురుచూసిన రోజు హైదరాబాద్‌లో వచ్చింది, రాష్ట్ర పోటీల్లో. పొద్దుననగా వెళ్తే పిల్లలకు పోటీ వచ్చేది ఏ మధ్యాహ్నానికో. ఒక్క నిమిషం ఈత కోసం రోజంతా మెట్ల మీద కాచుకు కూర్చోవాలి. అక్కడ ఎదురుగా గోడ లేదు. సేటు మెట్ల మీద నీళ్లకు వీపు పెట్టి, పై వరుసలోని జనానికి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్లు ఇబ్బందిగా కదులుతుంటే "మిమ్ముల జూస్తలేను, మీరు కానియ్యున్రి" అని అభయమిచ్చాడు. నవ్య పోటీకి పిలుపు వచ్చింది. ఆ పిల్ల టోపీ పెట్టుకుని, గట్టు వైపు వెళ్లేదల్లా వెనక్కి తిరిగి, మెట్లెక్కి పైకి వచ్చింది.

"తాతా, ఇయ్యాల ఇటు జూడు."

సేటు నోట్లోంచి కొమ్ము తీశాడు. "నిజంగనా?"

"ఆఁ. ఒర్రితె మాత్రం మల్ల గోడకే."

ఆయన కొమ్ము మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుని నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. కింద పిల్లలు ఒంగారు. హాలంతా చీమ చిటుక్కుమనకుండా అయింది. ఆ నిశ్శబ్దంలో నా పక్కన 'టక్'మని ఒక మోత వినిపించింది. సరుకు మంచిదే, కొమ్ము విరిగింది అనుకున్నాను. సీటీ మోగింది, పిల్లలు దూకారు. సేటు కళ్లు ఆర్పకుండా చూశాడు. నవ్య ముందు వచ్చినవాళ్లలో లేదు. కానీ తను ఇంతకుముందెప్పుడూ అంత వేగంగా ఈదలేదని మేడమ్ కింది నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. నవ్య పరుగున పైకొచ్చింది. సేటు నోరు తెరిచి "ఆకలైతుందా?" అన్నాడు. పెదవి మీద పసుపుతో పాటు రక్తం ఉంది. విరిగింది కొమ్ము కాదు, పన్ను. ఆ నొప్పితోనే ఆయన పోటీ అంతా కిక్కురుమనకుండా చూశాడు.

ఆ తర్వాత ఆయన ఆ సందుకు వేరే పన్ను కట్టించుకోలేదు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు నోరు తెరిచి చూపించి, "మా పిల్ల మెడల్ గిది" అనేవాడు. ఇంకో వింత ఏమిటంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన మర్నాడు కూడా కుర్చీ గోడ వైపే వేసుకున్నాడు. ఇంకా ఎందుకు సేటూ అంటే, "పిలిసింది గాడికి. ఈడికి మల్ల పిలువలె గద" అన్నాడు. నవ్య పిలిచినప్పుడల్లా తిరిగేవాడు, అయిపోగానే మళ్లీ గోడ. రాన్రాను ఆ పిల్ల రోజూ పిలిచేది. పిలిపించుకోవడం కోసమే ఆయన గోడ వైపు కూర్చునేవాడని నా అనుమానం.

మొన్న చలికాలంలో, కొత్త పసుపు యార్డుకు రావడం మొదలైనప్పుడు, ఆయన నిద్రలోనే పోయాడు. కార్యాలన్నీ అయ్యాక నవ్య కొలనుకు వచ్చింది. ఎవరో కుర్చీని మూలన పెట్టేశారు. తను దాన్ని తెచ్చి, తుడిచి, గోడ వైపు వేసి నీళ్లలోకి దిగింది. ఇప్పుడు ఇంటర్ చదువుతూ, ఆదివారాలు చిన్నపిల్లలకు మేడమ్‌కు తోడుగా నీళ్లలోకి దిగి నేర్పిస్తోంది.

అందుకే ఆ దుబాయి తమ్ముడు కుర్చీ తిప్పగానే నా పక్కనున్నావిడ నన్ను మోచేత్తో పొడిచింది. ఆయన ఊరికే కూర్చోలేదు కూడా. "చేతులు, చేతులు! తల దించు!" అని అరుస్తున్నాడు. అరిచినప్పుడల్లా ఆయన కూతురు నడి నీళ్లలో ఆగి, వరుసల మధ్య కట్టిన తాడు పట్టుకుని తండ్రి వైపు చూస్తోంది. వాళ్ల నాన్న ఇంకా అరుస్తున్నాడు. నవ్య ఇదంతా చూసి, గట్టెక్కి, నీళ్లు కారుతూ నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. దులిపేస్తుందనుకున్నాను.

"అంకుల్, మా తాత గీ కుర్సిల గోడ దిక్కు జూసుకుంట కూసునేటోడు" అంది మెల్లగా. "నేనే కూసొమ్మన్న."

"ఎన్ని రోజులు బిడ్డా?"

"నేను పిలిసేదాంక. మస్తు రోజులైంది."

ఆయన ముఖం చిన్నబోయింది. "నాకు అన్ని రోజులు యాడున్నయి? లీవు అయిపోతది గద."

నీళ్లలో కూతురు తాడు పట్టుకుని ఇంకా ఆయన వైపే చూస్తోంది. అది చూసి ఆయనే లేచి, కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. అంత పెద్ద మనిషి బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా వీపు చూపిస్తూ కూర్చున్నాడు. ఈసారి ఆ పిల్ల మధ్యలో ఆగలేదు. ఒక్క బిగిన అవతలి గట్టుదాకా వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి, గట్టు పట్టుకుని కళ్లద్దాలు పైకి లేపింది. తండ్రి ముఖం కోసం వెతికింది. వీపు కనిపించింది.

"డాడీ! అటేం జూస్తున్నవ్? నన్ను జూడు! మల్ల ఈత కొడ్త!"

ఆయన తిరిగిన వేగానికి కుర్చీ బోర్లా పడింది. మేము పగలబడి నవ్వాం. మా సేటు అన్నేళ్లు కాచుకున్న పిలుపు ఈయనకు చాయ్ చల్లారేలోపే వచ్చేసింది. మేడమ్ సీటీ నోట్లో పెట్టుకుని పిల్లల్ని వరుసలో నిలబెట్టింది. పిల్లలు ఒంగారు. అంతా నిశ్శబ్దం. తండ్రి కళ్లలో నీళ్లు, నోరు అప్పటికే తెరుచుకుంటోంది. నేను హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు కొమ్ము తీసి ఆయన చేతిలో పెట్టాను.

"పండ్ల నడుమ పెట్టుకో తమ్మీ" అన్నాను గొంతు తగ్గించి.

గట్టు మీద నుంచి నవ్య కూడా అంతే మెల్లగా అంది:

"జర పైలం అంకుల్. గట్టిగ కొరికితె పన్ను పోతది."